ఎండుటాకు, ఎంగిలాకు

ఓ. హెన్రీ 1904 నాటి కథ ‘ద కాప్ అండ్ ది ఆంథెమ్’లో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ బెంచీ మీద ఉన్న సోపీ ఒళ్లో ఎండుటాకు ఒకటి రాలుతుంది. చలికాలం వచ్చిందని ఆ ఇల్లులేని మనిషికి అందిన కబురు అదే. మన శ్రీశ్రీ ‘భిక్షు వర్షీయసి’ చివర ఒక ఎంగిలాకు ఎగిరొస్తుంది. చెట్టు కింది ముసలమ్మ చనిపోతే ఆ పాపం ఎవరిదని గాలి అడిగితే, నేను కాదని తప్పుకుంటుంది. అక్కడా ముందున్నవి చలిరోజులే.

నిజామాబాద్ జిల్లా బోధన్‌లో చదువుకున్నప్పుడు నాకు శ్రీశ్రీయే గొప్ప. ఆ కవితలో ఈగలున్నాయి, కుక్క ఉంది, తొండ ఉంది. ముసలమ్మ తప్ప వేరే మనిషి లేడు. దారిపక్కనే అంతా జరుగుతున్నా దారిన పోయేవాడు కనబడడు. చాలా ఏళ్లకు, న్యూయార్క్‌లో ఉన్నప్పుడు, ఒక జనవరి రాత్రి మెట్రో గాలిజాలీ మీద అట్టముక్కలు కప్పుకొని పడుకున్న మనిషిని దాటుకుంటూ పోయాను. కవితలో లేని ఆ బాటసారి నేనేనని అప్పుడు తెలిసింది. కవి ఆ చోటు ఖాళీగా వదిలింది చదివేవాడి కోసమే.

ఓ. హెన్రీ దారి వేరు. సోపీకి కావలసింది మూడు నెలల జైలు: తిండి, మంచం, వెచ్చదనం. అందుకని షాపు అద్దం పగలగొడతాడు, డబ్బులు లేకుండా హోటల్లో తింటాడు. అయినా పోలీసులు పట్టించుకోరు. చర్చి సంగీతం విని బాగుపడదామనుకున్న క్షణంలో, ఊరికే నిలబడినందుకు పట్టుకుపోతారు. అందరూ మెచ్చే ఆ మలుపు నాకు అంతగా నచ్చదు. కథ తన కౌశలం చూపించుకుంటున్నట్టు ఉంటుంది. నన్ను పట్టి నిలిపేది మొదట్లో వచ్చే నాలుగు మాటలు. సోపీ ధర్మసంస్థల గడప తొక్కడు. అక్కడ పెట్టే ప్రతి ముద్దకూ పరువు చెల్లించాలి, ఆరాలకు జవాబు చెప్పుకోవాలి. అంతకంటే చట్టం చేతికి చిక్కడమే మేలని అతని లెక్క. ఇల్లులేని మనిషికీ ఒక ఎంపిక, ఒక పంతం ఉంటాయని ఓ. హెన్రీ గుర్తించాడు. శ్రీశ్రీ ముసలమ్మకు మూలుగే మిగిలింది. ఆమెకేం కావాలో ఆమె నోట మనం వినం.

ఆ మాట నేను విన్నది నిజామాబాద్ బస్టాండు దగ్గర, ఒక డిసెంబరు రాత్రి. గోడవార ముడుచుకున్న అవ్వకు రగ్గు ఇస్తే, “రగ్గిస్తివి గని బిడ్డా, యాడ పండాలె? జర సేపైతే లేపుతరు” అన్నది. దానం చేశానన్న తృప్తి అక్కడితో పోయింది.

మా చిన్నప్పుడు బోధన్ చెరుకు తోటల గట్ల మీద కోత కూలీలు చెరుకాకు కప్పిన గుడిసెల్లో, చలిమంటల పక్కన చలికాలం గడిపేవారు. ఆ ఆకు పేదదే, కానీ నెత్తిన కప్పు. గానుగ ఆడినన్నాళ్లు వాళ్ల అవసరం ఉండేది. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో, సరిగ్గా చెరుకు ఆడాల్సిన కాలంలో, మూతపడింది.

శ్రీశ్రీ ప్రశ్నను నేను వదులుకోను. అయితే జవాబు వెతకాల్సివస్తే ఓ. హెన్రీ దగ్గరికే పోతాను, ఎందుకంటే అవ్వా సోపీ అడిగింది ఒక్కటే: లేపకుండా పడుకోనిచ్చే చోటు. న్యూయార్క్‌లో నీడ ఇవ్వడం నగర బాధ్యతని 1981లో కోర్టు సమక్షంలో ఒప్పందం కుదిరింది. మన దేశంలోనూ, 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఒక నిబంధన పెట్టింది: లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం. 2011 లెక్కల్లోనే నిజామాబాద్ జనాభా మూడు లక్షలు దాటింది. ఆ లెక్కన కనీసం మూడు వందల మందికి చోటు ఏర్పాటై ఉండాలి. ఈసారి చలి ముదరకముందే మున్సిపల్ ఆఫీసుకు పోయి, ఆ మూడు వందల పడకలు ఎక్కడున్నాయో అడగండి. తెలిసిన చిరునామాను బస్టాండు గోడవార పడుకున్నవాళ్లకు చెప్పండి.