వెనక్కి వేసే అడుగు

అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మా రెజిమెంటల్ బజార్‌లో ఫిబ్రవరి నెల సోమవారం తెల్లవారుజామున ఐదింటికి మొదలవుతుంది. అప్పటికే స్టేషన్ వైపు ఆటోలు తిరుగుతుంటాయి. ఆ ఆట చూసే కొద్దిమందీ బంతి వెంటే కళ్లు పరుగెత్తిస్తారు. నా చూపు మాత్రం బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడకట్టే ఐదుగురి మీదే ఉంటుంది. మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్. ఒక్కొక్కరు దాదాపు 140 కిలోలు.

బంతి విసరబోతున్నారంటే వీళ్లు ముందుకు దూకరు, వెనక్కి అడుగేస్తారు. మోకాళ్లు వంచి, నడుము దించి, ఎదుటివాడి ఛాతీకి రెండు చేతులూ ఆనించి, వాడి బలాన్ని పక్కకు మళ్లిస్తూ జరగాలి. కుడిచేతివాటం క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమవైపు నుంచి వచ్చేవాడు కనిపించడు. ఆ దిక్కు కాయడం ఎడమ టాకిల్ పని. మూడు సెకన్లు ఆపితే చాలు, బంతి చేయి దాటిపోతుంది. ఆ మూడు సెకన్లకు ఏ పాయింటూ రాదు. అదే ఎదుటివాణ్ని అక్రమంగా పట్టుకుని దొరికితే పది గజాలు శిక్ష, రిఫరీ మైకులో నంబరు చదువుతాడు. మన కబడ్డీలో కార్నర్‌లో కాచుకున్నవాడు రైడర్‌ను పట్టేస్తే ఒక పాయింటన్నా దక్కుతుంది.

ఈ పనిలో నాకు అందరికన్నా ఇష్టుడు జో థామస్. 2007లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లో ఎడమ టాకిల్‌గా చేరాడు. సెంటర్ బంతిని వెనక్కి అందించడాన్ని స్నాప్ అంటారు. వరుసగా 10,363 స్నాప్‌లకు, ఒక్కటీ వదలకుండా, థామస్ తన చోట నిలబడ్డాడు. అన్నేళ్లలో అతని జట్టు ప్లేఆఫ్ మొహం చూడలేదు. 2016లో పదహారు మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచింది. క్వార్టర్‌బ్యాక్‌లు వచ్చారు, పోయారు. 2017 అక్టోబర్‌లో చేతి కండరం తెగేదాకా ఇతను కదల్లేదు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఓడిపోయే జట్టులో అన్ని వేలసార్లు అదే అడుగు అంతే శ్రద్ధగా వేయడం, నా లెక్కలో, సూపర్ బౌల్ గెలిచినవాళ్లకిచ్చే ఉంగరం కన్నా పెద్ద విషయం.

ఉంగరాలు నాలుగు గెలిచిన మైక్ వెబ్‌స్టర్ కథ వింటే గుండె బరువెక్కుతుంది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సెంటర్. 2002లో, యాభై ఏళ్లకే పోయాడు. బెన్నెట్ ఒమాలు అనే డాక్టరు అతని మెదడును పరీక్షించి, తలకు పదేపదే తగిలే దెబ్బల వల్ల వచ్చే జబ్బును గుర్తించాడు. వరుసలో నిలబడేవాడికి పెద్ద దెబ్బ ఒక్కటీ తగలక్కర్లేదు. ప్రతి స్నాప్‌కూ తగిలే చిన్న చిన్న తాకిళ్లే ఏళ్ల తరబడి పోగవుతాయి.

మనకూ ఈ ఆట పరిచయమే. 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ స్కైకింగ్స్ పేరుతో జట్టు ఉండేది. రేపు మన పరేడ్ గ్రౌండ్‌లో ఎవరైనా పిల్లల్ని ఆ వరుసలో నిలబెడితే, మొదటి రోజే చేతులతో ఆపడం నేర్పాలి, తల తగలకుండా. విసరడం, పట్టడం తర్వాత నేర్చుకోవచ్చు.