కాకినాడ హార్మోనియం, బొంబాయి పాట

రఫీ, లతా పాడిన ‘కుహూ కుహూ’ను హిందీ శ్రోతలు రాగమాలిక అంటే ఇలా ఉండాలని ఇప్పటికీ చూపిస్తారు. దాన్ని కట్టింది కాకినాడ నాటకాల నుంచి వచ్చిన పి. ఆదినారాయణరావు అని తెలిసినవాళ్లు అక్కడ తక్కువే. మనలోనూ కొందరు ఆయన బాణీల్లోని హిందుస్తానీ వాసన చూసి బొంబాయి ప్రభావం అనేస్తారు. నాకది తలకిందుల మాటగా తోస్తుంది.

ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చింది 1880 ప్రాంతంలో. వీరేశలింగం పంతులుగారికి నాటకం ఆడించాలనే ఊపు అప్పుడే వచ్చిందంటారు. మరాఠీ, పార్శీ కంపెనీల బాణీలు అలా గోదావరి జిల్లాల రంగస్థలం మీదికి చేరి, పద్యనాటకంలో కలిసిపోయాయి. హిందుస్తానీ రాగాలు మన నాటకాల హార్మోనియానికి టాకీల కంటే ముందే అలవాటు. ఆదినారాయణరావు ఎదిగింది ఆ గాలిలోనే. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో నాటకాలు రాశారు, సంగీతం కట్టారు. పెద్దాపురం అమ్మాయి అంజలీదేవి ఆయన నాటకాల్లో ఆడి, తర్వాత ఆయన ఇల్లాలైంది. ఇద్దరూ కలిసి నడిపిన అంజలీ పిక్చర్స్ నుంచే పరదేశి, అనార్కలి వచ్చాయి. 1957లో సువర్ణసుందరి.

‘కుహూ కుహూ’కు తెలుగు రూపమైన ‘హాయి హాయిగా’ను ఆ సినిమాలో ఘంటసాల, జిక్కి పాడారు. మాటలు సముద్రాల సీనియర్‌వి. హిందీలో భరత్ వ్యాస్ రాశారు. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ - రాగాలు నాలుగు. మన హంసానందికి దగ్గరి చుట్టమైన సోహినిలో పంచమం ఉండదు. పాట పై స్థాయిలో, తార షడ్జం చుట్టూ తిరుగుతుంది. గొంతు కిందికి దిగి కుదురుకోవడానికి చోటుండదు, అందుకే ఎత్తుగడలోనే ఒక తహతహ. బహార్‌లో పంచమం తగలగానే అది సద్దుమణుగుతుంది. ప్రతిమధ్యమం పోయి శుద్ధమధ్యమం వస్తుంది, రెండు నిషాదాలు సయ్యాటలాడతాయి. జౌన్‌పురిలో కోమల గాంధార, ధైవత, నిషాదాలతో రంగు చిక్కబడుతుంది. చివరికి యమన్, అంటే మన కల్యాణి. మళ్లీ ప్రతిమధ్యమం, కానీ ఈసారి పంచమం తోడుగా, స్వరాలు తీరిగ్గా విప్పుకుంటూ.

శాస్త్రం పట్టుకున్నవాళ్లకు ఇక్కడ కొంచెం చిరాకు కలగొచ్చు. హిందీ పాటలో వసంతరాగమైన బహార్‌లో మబ్బులూ మెరుపులూ వస్తాయి. పగటిపూట పాడే జౌన్‌పురిలో వెన్నెల కాస్తుంది. ఆయన వేళ చూసుకోలేదు, మలుపు చూసుకున్నారు. నాటకంలో సన్నివేశం మారితే హార్మోనియం రాగం మార్చి ప్రేక్షకుణ్ణి అటు తిప్పుతుంది. ఈ పాటలోనూ జరిగేది అదే.

హిందీ సువర్ణసుందరిలోనూ అక్కినేని, అంజలే జంట. ఆ తర్వాత 1964లో ఫూలోం కీ సేజ్‌కు సంగీతం ఇచ్చినా, ఆదినారాయణరావు బొంబాయిలో స్థిరపడలేదు. అక్కడ ఆయన పేరు మరుగున పడడానికి అది ఒక కారణం కావచ్చు. ఆయన తెలుగులోనే ఉండి భక్త తుకారాం, మహాకవి క్షేత్రయ్య చేశారు. 1974లో అల్లూరి సీతారామరాజు కోసం శ్రీశ్రీ మాటలకు బాణీ కట్టి, ‘తెలుగు వీర లేవరా’ను ఘంటసాల చేత పాడించారు. ఆ పాట రాసినందుకు శ్రీశ్రీకి జాతీయ పురస్కారం వచ్చింది. సోహిని, బహార్‌ల సొగసు కట్టిన చెయ్యే, ఊరూరా జనం గొంతెత్తి పాడుకునే నడకనూ కట్టింది.