డాబా మీద సున్నం

ఏప్రిల్‌లో డాబా మీద సున్నం కొట్టేవాళ్ల పనితనం ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకు కనపడదు. ముందు నాచు గీకాలి, దుమ్ము కడగాలి, పగుళ్లు పూడ్చాలి. నానిన సున్నాన్ని గుడ్డలో వడకట్టి, జిగురు కలిపి, తడిపిన స్లాబు మీద మొదటి పూత. అది ఆరాక అడ్డంగా రెండోది. మిట్టమధ్యాహ్నం కొడితే తడి ఇట్టే ఆరిపోయి పూత పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే మంచి పనివాడు తెల్లవారగానే పైకెక్కి, మెట్లవైపు వెనక్కి జరుగుతూ ముగిస్తాడు. ఆ తెలుపు ఎండను తిప్పికొట్టేది మొదట అతని కళ్లలోకే!

కాంక్రీటు పగలంతా వేడిని దాచుకుని రాత్రి గదిలోకి వదులుతుంది. తెల్లటి కప్పు ఎండను చాలావరకు పైనుంచే పంపేస్తుంది. నమ్మకం లేకపోతే పూతకు ముందూ తర్వాతా పైగదిలో థర్మామీటరు వేలాడదీసి, రోజూ రాత్రి ఒకే వేళకు చూడండి.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇలా ఎండను తిప్పికొట్టే కప్పును తప్పనిసరి చేసింది. నన్నడిగితే, అవసరం రేకుల ఇళ్లకే ఎక్కువ.

దుమ్ముకు తెలుపు మాసిపోతుంది కనుక ఏటా కొట్టించండి. కూలి దగ్గర బేరమాడకండి. వీలైతే ఒక జత నల్లకళ్లద్దాలు కూడా ఇవ్వండి.