కాలిబాటకు కాగితం ఉందా?

దేశాల మధ్య నడిచే చట్టానికి రెండు ముఖ్యమైన ఆధారాలు. ఒకటి సంతకాలు పెట్టిన ఒప్పందం, రెండోది ఆచారం. ఏళ్ల తరబడి పాటించి, అది తమ బాధ్యత అని దేశాలు ఒప్పుకున్నదే ఆచారం. కాగితం లేకపోయినా అది చట్టమే.

మన దేశం ఎదుర్కొన్న కేసే చూద్దాం. డామన్ తీరం నుంచి దాద్రా, నగర్ హవేలీలకు భారత భూమి మీదుగా దారి కావాలని పోర్చుగల్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. మరాఠాలతో 1779లో కుదిరిన ఒప్పందాన్ని చూపింది. ఆ ఒప్పందం ఇచ్చింది శిస్తు హక్కే తప్ప రాజ్యాధికారం కాదని 1960 తీర్పు చెప్పింది. అయినా 125 ఏళ్లకు పైగా సాగిన రాకపోకలను ఆచారంగా గుర్తించింది. ప్రజలకు, సివిల్ అధికారులకు, సరుకులకు దారి ఉందంది. సైన్యం అనుమతితోనే వెళ్లేది కాబట్టి దానికి లేదంది.

తూకం సరిగ్గానే ఉంది. కానీ ఆ తూకం రాజ్యాలకే. దాద్రా, నగర్ హవేలీలలో ఎక్కువమంది ఆదివాసులు. ఆ కోర్టులో కక్షిదారులు మాత్రం రాజ్యాలే. రాజ్యం నడిచిన దారి ఆచారమైంది. మనం తరతరాలుగా నడిచిన అడవి దారి ‘ఆక్రమణ’ ఎందుకవుతుంది?

ఒప్పందాల్లోనూ ఈ వంకర ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒడంబడికను భారత్ 1958లో ఆమోదించింది. తరతరాలుగా ఉంటున్న భూమిపై ఆదివాసుల యాజమాన్యాన్ని, అది ఉమ్మడిదైనా సరే, గుర్తించాలని అందులో ఉంది. మన ఆచారాల దగ్గరికి వచ్చేసరికి షరతు పెట్టింది: దేశ చట్టానికీ, మనల్ని ‘కలిపేసుకునే’ కార్యక్రమాలకూ అడ్డు రాకపోతేనే ఉండనిస్తారట. ఒక చేత్తో భూమి ఇచ్చి, ఇంకో చేత్తో ఆ భూమిని నిలిపిన కట్టుబాటును తీసేసుకోవడమే ఇది. 1989లో వచ్చిన 169వ ఒడంబడిక ఈ ధోరణిని సవరించింది. దాన్ని భారత్ ఆమోదించలేదు.

సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు. అందువల్ల ఆచారానికి తగ్గట్టు పంచాయతీ చట్టం ఉండాలన్న 1996 నాటి పెసా ఇక్కడికి రాదు. 2006 అటవీ హక్కుల చట్టానికి ఆ హద్దు లేదు. అటవీ భూమి ఉన్నచోటల్లా వర్తిస్తుంది. అర్జీదారు కాని పెద్దల మాటను రాసిపెడితే సాక్ష్యమేనని దాని నియమాలు చెబుతున్నాయి. పాత బావులు, శ్మశానాలు, దేవుడి స్థలాలు కూడా సాక్ష్యాలే. ఒక్క సాక్ష్యం చాలదు, ఒకటికి మించి కావాలి.

కాబట్టి యువకులు, ఉపాధ్యాయులు పెద్దలున్నప్పుడే అడిగి రాయాలి: ఏ దారి, ఏ నెలలో మేత, ఎవరికి అనుమతి, ఎవరికి లేదు. ఆడవాళ్లను కూడా అడగాలి. వాళ్లను పక్కనపెట్టిన ఆచారం ఉంటే దాన్నీ దాచకుండా రాయాలి.