బాధ్యతయే అర్థము: విక్టర్ ఫ్రాంకల్ సిద్ధాంత విమర్శ

మానవుని మనస్సును నడపు మూలశక్తి యేది యను ప్రశ్నకు వియన్నా నగరము మూడు సమాధానముల నిచ్చినది. సుఖేచ్ఛ యని ఫ్రాయిడ్, ఆధిక్యకాంక్ష యని ఆడ్లర్ నిర్ణయింపగా, అర్థకాంక్ష యని విక్టర్ ఫ్రాంకల్ ప్రతిపాదించెను.

1905లో ఆ నగరముననే జన్మించిన ఫ్రాంకల్ తన సిద్ధాంతమును నాజీ నిర్బంధ శిబిరములలో కనిపెట్టెనని పలువురు తలంతురు. అది పొరపాటు. వైద్యపట్టము నందకమునుపే, 1928లో, యువజనులకు సలహాకేంద్రముల నెలకొల్పెను. 1933 నుండి 1937 వరకు స్టైన్‌హోఫ్ ఆసుపత్రిలో, ఆత్మహత్యకు పూనుకొనిన స్త్రీలకు చికిత్స చేసెను. 1942లో టెరేసియన్‌స్టాట్‌కును, 1944లో ఆష్‌విట్జ్‌కును, పిదప డాఖౌ ఉపశిబిరములకును తరలింపబడెను. తల్లిదండ్రులను, సోదరుని, భార్యను గోల్పోయి 1945లో విముక్తుడయ్యెను. శిబిరానుభవ గ్రంథము 1946లో వెలువడినది. సిద్ధాంతము పుట్టినది రోగుల నడుమ. పరీక్షకు గురియైనది శిబిరమున.

‘లోగోథెరపీ’ యని పేరొందిన ఈ పద్ధతిలో అర్థమునకు మూడు మార్గములు గలవు: చేయు పని, పొందు ప్రేమానుభవము, తప్పింపరాని దుఃఖమునెడ వహించు వైఖరి. బ్రతుకు అడుగు ప్రశ్నకు ఎవరికి వారు ఉత్తర మీయవలెను. అదియే బాధ్యత. ఆ బాధ్యత వ్యక్తిదే యగుటచే, ఒక జాతిపై సామూహికముగా నేరము మోపుట నాయన అంగీకరింపలేదు. సర్వమును గోల్పోయినవాడు ఇట్లనుట సామాన్యము కాదు.

అయిన నొక ఆక్షేపణ కలదు. ఈ దృష్టి శిబిరముల భీకరత్వమునకు లేని ఉదాత్తతను కల్పించుచున్నదని 1982లో లారెన్స్ లాంగర్ వాదించెను. ఆష్‌విట్జ్‌లో ఫ్రాంకల్ ఉన్నది కొలదిదినములే యని చరిత్రకారుడు టిమతి పైటెల్ ఎత్తిచూపెను. అర్థము నెరిగినవాడు బ్రతికెనన్నచో, మరణించిన లక్షలమంది అర్థహీనులా? ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు.

దీనికి సమాధానము కొంత ఫ్రాంకల్ రచనలోనే యున్నది. తాము బ్రతుకుట అదృష్టవశమున జరిగినదనియు, ఉత్తములు తిరిగి రాలేదనియు నాయన యొప్పుకొనెను. తొలగింపదగిన బాధను తొలగింపక సహించుట వీరత్వము కాదనియు హెచ్చరించెను. ఈ రెండు హద్దులను విడిచి ఆయన మాటలను వల్లించువారే సిద్ధాంతమునకు కీడు చేయుచున్నారు. అన్నము లేనివానిని, అన్యాయమునకు లోనైనవానిని చూచి ‘నీ వైఖరిని మార్చుకొను’మనుట బోధ కాదు, నిర్దయ.

బాధ్యత యనునది ఎవరికి వారు మోయు బరువు. ఎదుటివాని తలపై నెత్తునది కాదు. ఫ్రాంకల్‌ను ఇట్లు చదివినవారికే ఆయన గ్రంథము నిజముగా ఉపకరించును.