పక్క అంశంతో పనిలేని ఫంక్షన్

ఇంకొకరు రాసిన కోడ్ చదివేటప్పుడు ఫర్ లూప్ కనబడితే ఆగుతాను. చివరి లైను దాకా చూస్తేగానీ దాని సంగతి తేలదు. మధ్యలో బ్రేక్ ఉండొచ్చు, పైనెక్కడో ఉన్న వేరియబుల్‌ని మార్చేస్తూ ఉండొచ్చు. అదే పనిని, జాబితాలోని ఒక్కో అంశానికీ ఒక ఫంక్షన్‌ని వర్తింపజేసే మ్యాప్‌తో రాస్తే సగం సంగతి ముందే తెలిసిపోతుంది. వంద ధరలిస్తే వందే తిరిగొస్తాయి, అదే వరుసలో.

ఇది పాత ఆలోచనే. జాన్ మెకార్తీ లిస్ప్ గురించి 1960లో రాసిన పేపర్‌లోనే మ్యాప్‌లిస్ట్ ఉంది. కాకపోతే అది ఒక్కో అంశాన్ని కాక, అక్కడి నుంచి మిగిలిన జాబితా మొత్తాన్నీ ఫంక్షన్ చేతికిస్తుంది. ఒక్క అంశాన్నే ఇచ్చే మ్యాప్‌కార్ వైపే నా మొగ్గు. చుట్టుపక్కల ఏముందో తెలియకపోవడమే అక్కడ ఫంక్షన్‌కి బలం. ఏ అంశానికీ పక్కదానితో పనిలేనప్పుడు, వాటిని వేర్వేరు యంత్రాలకు పంచేయొచ్చు. గూగుల్‌లో జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ 2004లో ప్రచురించిన మ్యాప్‌రెడ్యూస్‌లో మొదటి అంచె ఈ ధైర్యంతోనే నడుస్తుంది.

జావాస్క్రిప్ట్ ఊరుకోలేదు. అంశంతో పాటు దాని స్థానాన్నీ, మొత్తం అర్రేనీ కూడా ఫంక్షన్‌కి అందిస్తుంది. '10', '10', '10' అనే మూడు స్ట్రింగులున్న అర్రే మీద మ్యాప్‌కి, స్ట్రింగుని సంఖ్యగా మార్చే పార్స్‌ఇంట్‌ని నేరుగా ఇచ్చి చూడండి. మూడు పదులు రావాలి కదా? 10, నాన్, 2 వస్తాయి. స్థానం సంఖ్యను పార్స్‌ఇంట్ బేస్ అనుకుంటుంది మరి. సున్నా అంటే మామూలు దశాంశమే. ఒకటి బేస్‌గా చెల్లదు. రెండు బేస్‌లో '10' అంటే 2. రెండు ఫంక్షన్లూ తమ నియమం తప్పలేదు, లెక్క మాత్రం తప్పింది!

పైథాన్ 3ది ఇంకో తీరు. మ్యాప్‌కి ప్రింట్‌ని ఇచ్చి ప్రోగ్రామ్ నడిపితే స్క్రీన్ మీద ఏమీ రాదు. ఎవరైనా ఫలితాలు అడిగేదాకా అది పని మొదలుపెట్టదు. కొత్తవాళ్లు తికమకపడతారు గానీ, నాకైతే తగిన శాస్తే అనిపిస్తుంది. ప్రింట్ చేయడానికి మ్యాప్ ఎందుకండీ? లూపే రాసుకోవచ్చు.

పాస్‌బుక్‌లో నిల్వ లెక్క కూడా మ్యాప్‌కి ఒదగదు. ప్రతి నిల్వకీ పై వరుసలోని నిల్వ కావాలి. బయటి వేరియబుల్‌ని మ్యాప్ లోపల మారుస్తూ ఆ లెక్క కట్టిన కోడ్ సమీక్షకు వస్తే, జవాబు సరిగ్గా ఉన్నా వెనక్కి పంపుతాను. పైథాన్‌లో ఆ పనికి ఇటర్‌టూల్స్‌లో అక్యుములేట్ ఉంది. అది వాడితే మరో మాట లేకుండా ఒప్పుకుంటాను.