నెర్రెలిచ్చే నేలలో నిలిచే కుండ

మే నెలలో ఖమ్మం జిల్లా బోనకల్ చుట్టుపక్కల పత్తి చేలల్లో నడిస్తే అడుగు చూసుకుని వేయాలి. పంట తీసేసిన నల్లరేగడి ఆ ఎండకు నెర్రెలిచ్చి ఉంటుంది. కొన్ని నెర్రెల్లో చేయి పెడితే మోచేతి దాకా దిగిపోతుంది. తొలకరి పడగానే అదే నేల నీళ్ళు తాగి ఉబ్బి, గీత కూడా మిగలకుండా కలిసిపోతుంది. రైతుకు అది మేలే. నేల తనంతట తానే గుల్లబారుతుంది. కుమ్మరికి మాత్రం అది హెచ్చరిక. ఇంతగా ఉబ్బి ఇంతగా ముడుచుకునే మట్టిని ఒట్టిగా చక్రం మీద పెడితే ఆ కుండ కాల్చే ఆవం దాకా చేరదు. నీడన ఆరుతుండగానే పిట్లిపోతుంది.

ఎంత మంచి మట్టయినా ఎండితే ముడుచుకోక మానదు. ఆ ముడుచుకోవడం కుండ అంతటా ఒక్క తీరుగా, ఒకే వేగంతో జరిగితే కుండ కాస్త చిన్నదవుతుంది, అంతే. అంచు ముందు ఎండి అడుగు వెనకబడితేనో, ఒక పక్క పలుచనై ఇంకో పక్క మందంగా ఉంటేనో ఆ రెంటి మధ్య గుంజులాట మొదలవుతుంది. ఆ గుంజులాట తెగినచోటే పర్రె. మట్టి తెచ్చిన నాటి నుంచి ఆవం విప్పే నాటి దాకా కుమ్మరి పడే పాట్లలో సగం ఈ ఒక్క తీరు కోసమేనని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

చిన్నప్పుడు వేసవి మొదట్లో ఇంటి ముందుకు కుండల బండి వచ్చేది. మా అమ్మమ్మ ఒక్కో కుండను ఎడమచేత్తో గాల్లో పట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే పక్కన పెట్టుకునేది. మొద్దుగా, చెవిటిగా మోగితే తిరిగి బండి మీద పెట్టేసేది. చూడటానికి బానే ఉంది కదా అంటే, "పర్రె కంటికి కనపడదురా, చెవికి వినపడుద్ది" అనేది. కుండ గోడలో ఎక్కడో వెంట్రుకంత చీలిక ఉన్నా మోత అక్కడ తెగిపోతుంది. ఆ చీలిక ఆవంలో బయటపడి ఉండొచ్చు గాని, పుట్టింది మాత్రం అంతకు ఎన్నో రోజుల ముందే.

అసలు కథ మట్టి ఎంపికతోనే మొదలవుతుంది. నల్లరేగడిలో ఎక్కువగా ఉండే బంక ఖనిజం స్మెక్టైట్ జాతిది. పుస్తకంలో కాగితాల్లా పలుచటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నీళ్ళు ఆ పొరల సందుల్లోకే దూరతాయి, ఎండినప్పుడు అక్కడి నుంచే వెళ్ళిపోతాయి. అందుకే అంత ఉబ్బు, అంత ముడుచుకోవడం. కయొలినైట్ రకం మట్టిలో నీళ్ళు రేణువుల చుట్టూ చేరతాయే తప్ప పొరల్లోకి దూరవు, అందుకే అది అంతగా ముడుచుకోదు. చెరువు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న ఒండ్రులో సన్నటి జిగట మట్టి, సన్నటి ఇసుక కలిసి ఉంటాయి కనుక కుమ్మరి కన్ను మొదట చెరువు మీద పడుతుంది. ఒండ్రు మరీ జిగటగా ఉంటే చెలక నేలల ఎర్రమట్టి కలిపి ఆ జిగటను తగ్గించవచ్చు.

పనికొచ్చే మట్టా కాదా అని తేల్చడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. తడి మట్టిని తాడులా పేని వేలికి చుట్టాలి. చుట్టు తిరిగేలోపే తెగితే జిగట చాలదు. తెగకుండా చుట్టుకున్నా, వేలికి బంకలా అంటుకుని వదలకపోతే జిగట ఎక్కువైంది. ఇంకా లెక్కగా తెలుసుకోవాలంటే పచ్చి మట్టి పలక మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి, నీడన బాగా ఆరాక మళ్ళీ కొలవాలి. గీత 9.5 దగ్గర ఆగితే మట్టి మాట వింటుంది. 9కి దిగిపోతే అందులో ఇంకేదైనా కలపక తప్పదు.

రేగడి నేలల్లో ఇంకో దొంగ శత్రువు ఉంది, తెల్లటి సున్నపు గుల్లలు. మట్టిలో కలిసిపోయి కనబడవు. ఆవంలో వేడి సుమారు 800 డిగ్రీలు దాటేసరికి గుల్ల కాలి పొడి సున్నమవుతుంది. కుండ నిక్షేపంలా బయటికొస్తుంది. తర్వాత ఆ సున్నం గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడుతుంది. కొన్నాళ్ళకు కుండ మీద రూపాయి బిళ్ళంత పెచ్చు లేస్తుంది, కింద తెల్లటి చుక్క కనబడుతుంది. కొన్నవాళ్ళు కుమ్మరిని తిట్టుకుంటారు. మెత్తగా నలిగి అంతటా కలిసిపోయిన సున్నం ఏమీ చేయదు. గుల్లగా మిగిలిందే ప్రమాదం. అందుకే ఎండిన మట్టిని గుదియతో చితక్కొట్టి జల్లించడం. కుమ్మరి ఇళ్ళలో ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళ చేతి మీదుగానే సాగుతుంది. కుండ మీద వాళ్ళ పేరు ఉండదు, కానీ కుండ నిలవడంలో మొదటి వాటా వాళ్ళదే.

జల్లించి మెత్తన చేసిన మట్టిలోకి మళ్ళీ గరుకును తెచ్చి కలుపుతారు. తెలియని వాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. వాగు ఇసుక, వరి ఊక, బూడిద, ఎండిన గాడిద లద్ది, ఊరిని బట్టి, పాత్రను బట్టి మారుతూ ఉంటాయి. ఇసుక రేణువు ఎండితే ముడుచుకోదు. కనుక దాని వాటా ఎంత పెరిగితే కుండ ముడుచుకోవడం అంత తగ్గుతుంది. ఊక, లద్ది ఆవంలో కాలిపోయి సన్నటి రంధ్రాలను మిగులుస్తాయి.  అవి పర్రెకు అడ్డుకట్టలు. 1921లో గ్రిఫిత్ అనే ఇంగ్లండు ఇంజనీరు గాజు ఎందుకు పగులుతుందో లెక్క కట్టి చూపించాడు. పెళుసు వస్తువేదైనా పగిలేది అందులో ముందే ఉన్న సన్నటి లోపం దగ్గర, ఆ లోపం మొన మీద బలమంతా పోగుపడటం వల్ల. పరుగెత్తే పర్రెకు దారిలో ఇసుక రేణువో, రంధ్రమో ఎదురైతే మొన మొద్దుబారి ఆగిపోతుంది. మణిపూర్‌లో లోంగ్పీ నల్లకుండలు చేసే తంగ్‌ఖుల్ నాగాలు చక్రమే వాడరు. సర్పెంటైన్ రాయిని దంచిన పొడి మట్టిలో కలిపి చేత్తోనే మలుస్తారు. ఆ కుండలు నేరుగా పొయ్యి మీద నిలుస్తాయి. ఎంతో దూరాన, వేరే మట్టితో, వేరే చేతులు అదే కిటుకు కనిపెట్టాయి.

ఇక్కడే నీళ్ళ కుండకు, వంట కుండకు దారి వేరవుతుంది. నీళ్ళ కడవకు సన్నటి రంధ్రాలు చాలు. నీరు వాటిలోంచి ఊరి, ఆవిరై లోపలి నీళ్ళను చల్లబరుస్తుంది. కూర వండే చట్టికి అంతకంటే గరుకు మట్టి కావాలి. కింద మంట, పైన చల్లటి నీళ్ళు, మధ్యలో వేలి మందం గోడ. ఆ గోడలో ఎన్ని అడ్డుకట్టలుంటే అంత మంచిది. బాగా కాల్చి గాజులా గట్టిపడిన పింగాణీ చేతికి బలంగా తోస్తుంది గాని, పొయ్యి మీద పెడితే ఠపీమంటుంది. తక్కువ వేడిలో కాలిన మట్టి చట్టి గుల్లగా ఉండబట్టే మంటకు ఓర్చుకుంటుంది.

కలిపిన మట్టిని నానబెట్టి కొన్ని రోజులు మాగనివ్వాలి. నీళ్ళు ప్రతి రేణువు దాకా చేరడానికి ఆ గడువు అవసరం. తర్వాత కాళ్ళతో తొక్కుతారు. మధ్యలో మొదలుపెట్టి, మడమతో నొక్కుతూ చుట్టూ తిరుగుతూ అంచుకు వస్తారు, పోగు చేసి మళ్ళీ మొదలుపెడతారు. పాదం కింద రాయి తగిలితే తీసి పారేస్తారు. వేరు ముక్క తగిలినా అంతే.

ఇక చక్రం. చూసేవాళ్ళ కళ్ళన్నీ చక్రం మీదే ఉంటాయి. కర్రతో తిప్పి వదిలితే ఆ బరువైన చక్రం గిర్రున తిరగడం, మట్టి ముద్ద కుమ్మరి వేళ్ళ మధ్య లేచి నిలబడటం నిజంగానే కన్నుల పండుగ. కానీ గుండ్రటి కడవ, వంట కుండ చక్రం మీద నుంచి దిగేటప్పటికి దానికి సరైన అడుగు ఉండదు. కుండ అక్కడ సగమే పుట్టింది. మిగతా సగం నీడలో, చెక్కతో కొట్టే చప్పుడులో పుడుతుంది. నన్నడిగితే ఈ వృత్తిలో అన్నిటికంటే గొప్ప పని అదే. అయినా దాన్ని ఫొటో తీసేవాళ్ళు తక్కువ.

కుండ కాస్త చెమ్మారి, వేలు పెడితే సొట్టపడకుండా వంగే పదునుకు రాగానే కుమ్మరి దాన్ని ఒళ్ళో పెట్టుకుంటాడు. లోపల ఎడమచేతిలో నున్నటి గుండురాయి, బయట కుడిచేతిలో చెక్క. రాయి ఎక్కడుంటే చెక్క దెబ్బ సరిగ్గా అక్కడే పడుతుంది. చెక్క అంటుకోకుండా బూడిద చల్లుకుంటూ, కుండను కొంచెం కొంచెం తిప్పుతూ టపటపా కొడతాడు. మందపు గోడ పలుచనవుతూ, సాగుతూ, అడుగు వైపు మూసుకుపోతుంది. ఒకే విడతలో కాదు. కొంత కొట్టి ఆరనిచ్చి మళ్ళీ కొడతాడు.

ఈ దెబ్బల వల్ల జరిగేదేమిటో పట్నంలో కుండల తరగతుల్లో నేర్చుకునేవాళ్ళకు బాగా తెలుసు, ఎందుకంటే అది జరగక వాళ్ళు ఇబ్బంది పడుతుంటారు. చక్రం మీదే చదునైన అడుగుతో చేసిన పాత్రకు ఆరేటప్పుడు అడుగున పాములా మెలికలు తిరిగిన పర్రె పడుతుంది. గోడలను వేళ్ళు నొక్కి పైకి లాగుతాయి, రేణువులు దగ్గరవుతాయి. అడుగును ఎవరూ నొక్కరు. అక్కడ నీళ్ళు ఎక్కువ మిగులుతాయి, అది అన్నిటికంటే వెనక ఆరుతుంది, ఆరి ముడుచుకోబోతే గట్టిపడిన గోడలు వదలవు. చివరికి మధ్యలో చీలుతుంది. మన కుమ్మరి అడుగును వందల దెబ్బలతో నొక్కి చేస్తాడు కనుక ఆ బెడద దాదాపు ఉండదు. పైగా గుండ్రటి అడుగుకు మూల ఉండదు. బలం పోగుపడటానికి చోటు లేదు. కుదురు మీద తప్ప నిలబడదని మనం విసుక్కునే ఆ గుండ్రటి అడుగే కుండకు ఆయుష్షు.

ఆరబెట్టడం ఓపిక పని. ఖమ్మం, కొత్తగూడెం వైపు వడగాలి సంగతి చెప్పనక్కర్లేదు. ఆ గాలి తగిలితే అంచు గంటలో తెల్లబడుతుంది, పొట్ట ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందుకే పందిరి కింద, గాలి అడ్డంగా కొట్టని చోట పెట్టి, అంచు మీద తడిగుడ్డ కప్పుతారు. అంచు నిలదొక్కుకున్నాక బోర్లిస్తారు. ఒక పక్కకే గాలి తగలకుండా పూటపూటకు తిప్పుతారు. కూజాకు ముక్కు అతికించాలంటే రెండూ ఒకే తడిలో ఉండాలి. ఎండిన ఒంటికి పచ్చి ముక్కు అతికితే అది తన మానాన ముడుచుకుని ఊడి వస్తుంది.

ఆవంలో తొలి ఘడియలే గండం. పైకి ఎండినట్టు కనిపించే కుండలో ఇంకా తేమ ఉంటుంది. నీరు ఆవిరైతే 1600 రెట్లకు పైగా చోటు కోరుతుంది. బయటికి దారి దొరికేలోపు వేడి పెరిగితే కుండ పేలుతుంది. కనుక పొగ తెల్లగా, తడిగా వస్తున్నంతసేపు మంటను పెంచరు. తర్వాత ఇంకో నీటి గండం. మట్టి ఖనిజంలోనే అంటిపెట్టుకుని ఉండే నీరు 450 నుంచి 600 డిగ్రీల మధ్య విడిపోతుంది. శుద్ధ కయొలినైట్ బరువులో అది సుమారు 14 శాతం. దానికి తోడు, 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు అదే మెట్టు దగ్గర మళ్ళీ ముడుచుకుంటుంది. లోపల ఎలా కాలాయో చూడాలన్న ఆత్రంతో ఆవాన్ని ముందే విప్పితే చల్లగాలి తగిలి, మంటను గెలిచిన కుండ గాలికి ఓడిపోతుంది. థర్మామీటరు లేని రోజుల్లో ఈ మెట్లన్నీ పొగ రంగును, నిప్పు రంగును బట్టి గుర్తుపట్టారు. గోదావరి ఒడ్డున పినపాక దగ్గర జానంపేట అడవిలో ఇనుపయుగపు రాతి సమాధులున్నాయి. అలాంటి సమాధుల్లో దక్షిణాది అంతటా లోపల నలుపు, పైన ఎరుపుగా కాల్చిన కుండలు దొరుకుతాయి. అంటే నిప్పును పట్టి నడిపే ఈ నేర్పు ఇక్కడ నిన్న మొన్నటిది కాదు.

కుండ ఇంటికొచ్చాక బాధ్యత మనది. కొత్త వంట కుండను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మర్నాడు బియ్యం కడుగో గంజో పోసి సన్నటి సెగ మీద కాచాలి. గంజి రంధ్రాల్లో చేరి గట్టిపడుతుంది. వేడి చట్టిని తడి బండ మీద దించకూడదు, ఎండుగడ్డి కుదురు మీదే దించాలి. ఇప్పుడు ఎక్కువ కుండలు పగులుతున్నది గ్యాస్ పొయ్యి మీద. కట్టెల మంట కుండ పొట్టను చుట్టుకుని అంతటా ఒకేలా వేడెక్కిస్తుంది. గ్యాస్ మంట అడుగున ఒక్కచోటే కాలుస్తుంది. చదును అడుగు కావాలని మనమే అడుగుతున్నాం, ఆ అడుగు మూల దగ్గర పర్రె పడితే మట్టిని నిందిస్తున్నాం. మొదట కాసేపు మంటను బాగా తగ్గించి ఉంచితే చాలా కుండలు బతుకుతాయి.

"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అంటారు. ఏడాది కష్టం ఒక్క దెబ్బకు పోతుందని. 2018లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కుమ్మరుల కోసం ఒక పథకం మొదలుపెట్టి కరెంటు చక్రాలు పంచింది. భుజాల నొప్పి తగ్గించే మంచి పని. అయితే పర్రె ఎక్కువగా పుట్టేది చక్రం దగ్గర కాదు. ఆరబెట్టడానికి గాలి చొరని కొట్టం, మట్టి మాగడానికి తొట్టి, చెరువు ఒండ్రు మీద హక్కు, వీటికి కూడా అంతే పట్టుదలతో డబ్బు పెట్టాలని నా కోరిక. 2015లో మొదలైన చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయలో పూడిక మట్టిని పొలాలకు తోలారు. చేలకు అది బలమే. చెరువు తవ్వే ప్రతిసారీ మంచి జిగట పొర ఎక్కడుందో ఊరి కుమ్మరిని అడిగి, ఆ మేరకు విడిగా పోయించడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఆవం విప్పిన రోజున కుమ్మరి ఒక్కో కుండను బూడిద దులిపి, మా అమ్మమ్మలాగే కణుపుతో కొట్టి వింటాడు. మోగినవి ఒక వరుస. మోగనివి ఇంకో పక్క. ఆ రెండో వరుసను ఎవరూ పారేయరు. పగలగొట్టిన పెంకులు వచ్చే ఆవం మీద కప్పుగా పరుచుకుంటాయి, గాలి సూటిగా దూరకుండా కాస్తాయి. ఇంకా నలిగిన ముక్కలను దంచి పొడి చేస్తే, ఒకసారి నిప్పులో కాలి వచ్చిన ఆ పొడి ఇక ముడుచుకోదు. దాన్ని గుప్పెడు గుప్పెడుగా చల్లి కొత్త మట్టిలో కలిపి తొక్కుతారు.